చార్లెస్ గుడ్‌ఇయర్

చార్లెస్ గుడ్‌ఇయర్ (1800 డిసెంబరు 29 - 1860 జూలై 1) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఆవిష్కర్త. సహజ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి దృఢపరచే వల్కనీకరణ పద్ధతిని కనుగొని ప్రసిద్ధుడయ్యాడు. కారు టైర్లు మొదలుకొని అనేక రబ్బరు భాగాల తయారీకి ఈ పద్ధతే మూలం.

తొలి జీవితం

ఈయన కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో జన్మించాడు. తండ్రి అమాసా ఇనుప సామానుల వ్యాపారి. 1824లో క్లారిస్సా బీచర్‌ను వివాహం చేసుకొని, ఫిలడెల్ఫియాలో దుకాణం పెట్టాడు. 1830 నాటికి వ్యాపారం దివాలా తీసింది. అప్పులు తీర్చలేక పలుమార్లు చెరసాల పాలయ్యాడు.

పరిశోధన

ఆనాటి రబ్బరు వేసవిలో కరిగి జిగటగా మారేది, చలికాలంలో బిరుసెక్కి పగిలేది. ఈ లోపాన్ని సరిదిద్దాలని గుడ్‌ఇయర్ సంకల్పించాడు. నత్రికామ్లంతో శుద్ధిచేసే పద్ధతికి 1837లో పేటెంటు పొందాడు. కాని అది పైపొరను మాత్రమే బాగుచేసింది; ప్రభుత్వానికి తయారుచేసిన తపాలా సంచులు ఎండకు పాడైపోయాయి. గంధకం వాడకాన్ని నథానియల్ హేవర్డ్ వద్ద తెలుసుకొన్నాడు. 1839లో ఊబర్న్‌లో గంధకం కలిపిన రబ్బరు పొరపాటున వేడి పొయ్యికి తగిలింది. అది కరగక, సాగే గుణం పోకుండా తోలువలె గట్టిపడింది. తగిన వేడిని, కాలాన్ని నిర్ణయించడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది. ఆ కాలంలో కుటుంబం కడు దారిద్ర్యం అనుభవించింది.

పేటెంటు వివాదాలు

1844 జూన్ 15న అమెరికా పేటెంటు లభించింది. అప్పటికే ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ 1843లోనే పేటెంటుకు దరఖాస్తు చేసి ఉన్నాడు. వల్కనీకరణం అనే పేరు రోమనుల అగ్నిదేవుడు వల్కన్ పేరున వచ్చింది. 1852లో అమెరికా న్యాయస్థానంలో డేనియల్ వెబ్‌స్టర్ వాదించి గుడ్‌ఇయర్‌ను గెలిపించాడు. అయినా అప్పులు తీరలేదు. 1855లో పారిస్‌లో సైతం అప్పులకై చెరసాలలో ఉన్నాడు.

మరణం

మరణశయ్యపై ఉన్న కుమార్తెను చూడబోతూ న్యూయార్క్ చేరగా, ఆమె అప్పటికే మరణించిందని తెలిసి కుప్పకూలాడు. 1860లో అక్కడే మరణించాడు. దాదాపు 2 లక్షల డాలర్ల అప్పు మిగిలింది. 1898లో స్థాపించబడిన గుడ్‌ఇయర్ టైర్ల సంస్థ ఆయన గౌరవార్థం ఆ పేరు పెట్టుకొన్నదే కాని, ఆయన కుటుంబానికి చెందినది కాదు.

వల్కనీకరణ రబ్బరు - వార్ధక్యం

గంధకం రబ్బరు అణువుల గొలుసులను వంతెనలవలె కలుపుతుంది. అందుకే అది వేడికి కరగదు. అయితే గొలుసులలో మిగిలిన ద్విబంధాలపై గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాడిచేస్తాయి. వేడి, ఎండ ఈ చర్యను వేగవంతం చేస్తాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప ప్రాంతాలలో ఆరుబయట నిలిపిన కార్ల వైపర్ బ్లేడ్లు, టైర్ల పక్కభాగాలు త్వరగా బిరుసెక్కి బీటలు వారడానికి ఇదే కారణం. నీడలో నిలపడం, సబ్బునీటితో దుమ్ము కడగడం, తలుపుల రబ్బరు పట్టీలకు సిలికాన్ పూత పూయడం మేలు. పెట్రోలు, కిరోసిన్, సాధారణ గ్రీజు తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. బీటలు వారిన రబ్బరును ఏ పూతా తిరిగి అతకలేదు. అట్టి టైర్లను, గొట్టాలను మార్చవలసినదే.