మెదడు గుట్టు విప్పిన కహాల్

 వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం గురించి రాయడం మన ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి అన్నలు ఎంతో చక్కగా రాశారు. నేను ఎమ్మెస్సీ జువాలజీ విద్యార్థిని కనుక నా సబ్జెక్టు నుంచే ఒకరిని ఎంచుకున్నాను. ఆయన పేరు శాంటియాగో రామోన్ ఇ కహాల్. స్పెయిన్ దేశస్థుడు. మన మెదడు విడివిడి కణాలతో నిర్మితమైందని ప్రపంచానికి చూపించిన శాస్త్రవేత్త. ఈనాటి న్యూరోసైన్స్ ఆయన వేసిన పునాది మీదే నిలబడి ఉందంటే అతిశయోక్తి కాదు.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానో కూడా చెప్పాలి. మట్టిబుర్ర అనే మాట పడకుండా చదువుకున్నవాడు మనలో అరుదు. ఆ ఒక్క మాటతో లెక్కలు వదిలేసినవాళ్లు, చివరికి బడే మానేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పనికిరానివాడని బడిలో ముద్ర వేయించుకున్న ఒక కుర్రవాడే పెద్దయ్యాక అసలు బుర్రలో ఏముందో కనిపెట్టాడు. అదే ఈ కథ.

తండ్రి పట్టుదల

కహాల్ 1852 మే 1న స్పెయిన్ ఉత్తర భాగంలోని పెతీయా అనే చిన్న కొండ పల్లెలో పుట్టాడు. ఆయన కథ తండ్రి హుస్తో రామోన్‌తో మొదలుపెట్టడమే న్యాయం. హుస్తో రైతు కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే ఇల్లు విడిచి, ఒక పల్లె వైద్యుని దగ్గర శిష్యరికం చేశాడు. ఆ కాలంలో స్పెయిన్ పల్లెల్లో గడ్డం గీసే చేతులే కురుపులు కోసేవి, కట్లు కట్టేవి. మన పల్లెల్లో నాయీబ్రాహ్మణులు చేసిన వైద్యం లాంటిదే అది. తరువాత ఆయన పట్నం చేరి, క్షౌరశాలలో పని చేసుకుంటూ చదివి, శస్త్రవైద్యుడై, చివరికి సరగోసా నగరంలో వైద్య విద్యార్థులకు శరీర నిర్మాణ శాస్త్రం బోధించే స్థాయికి చేరాడు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. అందుకేనేమో, నోబెల్ బహుమతి తెచ్చిన కొడుకు కంటే ముందు ఈ తండ్రే నా మనసులో నిలిచిపోయాడు.

అయితే ఆ తండ్రి చాలా కఠినుడు. కొడుకు డాక్టరే కావాలని ఆయన కోరిక. కొడుక్కేమో బొమ్మల పిచ్చి. కాగితం దొరికితే కాగితం మీద, లేకుంటే గోడల మీద బొమ్మలు వేసేవాడు. వీడికి నిజంగా కళ ఉందో లేదో తేల్చమని తండ్రి ఒక గోడలకు రంగులు వేసే పనివాడిని అడిగితే, అతను లేదని తేల్చేశాడు. దాంతో ఇంట్లో బొమ్మలు బంద్.

బడిలో కథ ఇంకా అధ్వాన్నం. హాకా పట్టణంలో చేర్పించిన మతగురువుల బడిలో లాటిన్ పాఠాలు బట్టీ పట్టాలి. అప్పజెప్పకపోతే దెబ్బలు, చీకటి గదిలో నిర్బంధం, అన్నం బంద్. కుర్రవాడు మొండికేశాడు. పదకొండేళ్ల వయసులో చెక్కతో ఫిరంగి తయారుచేసి పొరుగింటి గేటు పేల్చేసినందుకు కొన్నాళ్లు జైల్లో కూడా ఉన్నాడు. చదువు అబ్బదని విసిగిపోయిన తండ్రి అతణ్ణి మొదట మంగలి దుకాణంలో, తరువాత చెప్పులు కుట్టేవారి దగ్గర పనికి పెట్టాడు.

ఆ చెప్పుల పనిలో కహాల్ చక్కగా రాణించాడు. ఆ వేళ్లలోని నేర్పు తోలు మీదా కనబడింది. ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. తోలు పని మనలో కొందరి తాతల పని. కహాల్‌కు అది కొద్దికాలం పాటు తండ్రి వేసిన శిక్ష. మన తాతలకు అది పుట్టుకతో వచ్చి చచ్చేవరకు ఉన్న పని. కొంతకాలం కాగానే కహాల్‌ను తిరిగి బడికి పంపడానికి చదువుకున్న తండ్రి ఒకడున్నాడు. మన తాతలకు అలాంటి దారి లేదు. చేతిలో నేర్పు మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఎముకలు నేర్పిన పాఠం

1868 వేసవిలో తండ్రికి ఒక ఉపాయం తోచింది. కొడుకును పాత శ్మశానానికి తీసుకెళ్లి, అక్కడ బయటపడిన మనుషుల ఎముకలు ఏరించి, ఇంటికి తెచ్చి పాఠం చెప్పాడు. పుస్తకం చూస్తే పారిపోయే కుర్రవాడు ఎముక చేతికి ఇవ్వగానే కూర్చుండిపోయాడు. ప్రతి ఎముకను తిప్పి తిప్పి చూశాడు, బొమ్మ గీశాడు. తండ్రి వద్దన్న బొమ్మలూ, తండ్రి కోరిన వైద్యమూ ఆ ఎముకల దగ్గర కలిశాయి.

1873లో కహాల్ సరగోసాలో వైద్య పట్టా పొందారు. సైన్యంలో డాక్టరుగా చేరి 1874లో క్యూబా వెళ్లారు. అప్పుడు క్యూబా స్పెయిన్ పాలన కింద ఉండి స్వాతంత్ర్యం కోసం పోరాడుతోంది. అక్కడి చిత్తడి నేలల్లోని ఆసుపత్రుల్లో పనిచేస్తూ మలేరియా, రక్త విరేచనాలతో కృశించిపోయి 1875లో తిరిగి వచ్చారు. దాచుకున్న జీతం డబ్బుతో ఒక మైక్రోస్కోపు కొనుక్కున్నారు. 1878లో క్షయ వ్యాధి సోకింది. ఊపిరితిత్తుల నుంచి నెత్తురు పడింది. దాన్నుంచీ కోలుకున్నారు.

1879లో సిల్వేరియాను వివాహం చేసుకున్నారు. వారికి ఏడుగురు సంతానం. చాలీచాలని జీతంలో సగం అద్దాలకు, మందులకు, ముద్రణకు పోతుంటే ఇల్లు నడిపింది ఆమే. ఆమె పేరు మీద ఏ పతకమూ లేదు కానీ, ఆ పరిశోధనలో ఆమె శ్రమ ఉంది.

1883లో వాలెన్సియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. 1885లో అక్కడ కలరా ప్రబలినప్పుడు ఆ వ్యాధిపై చేసిన కృషికి మెచ్చి, సరగోసా ప్రభుత్వ మండలి వారు జైస్ కంపెనీ మైక్రోస్కోపును బహూకరించారు. ఒక ప్రభుత్వం సరైన సమయంలో ఇచ్చిన సాయం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

చిక్కు దారాల్లో ఒక్క నల్ల దారం

అప్పటికే శరీరంలోని మిగతా భాగాలన్నీ కణాలతో తయారయ్యాయని శాస్త్రవేత్తలకు తెలుసు. మెదడు మాత్రం అంతుపట్టలేదు. మైక్రోస్కోపులో చూస్తే వేల దారాలు చిక్కుపడ్డ ఉండలా కనిపించేది. మెదడంతా ఎక్కడా తెగని ఒకే వల అని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే నమ్మారు.

1873లో ఇటలీకి చెందిన కమిల్లో గాల్జీ ఒక కొత్త పద్ధతి కనిపెట్టారు. మనం కణం పాఠంలో చదువుకునే గాల్జీ సంక్లిష్టం ఈయన పేరు మీదే ఉంది. మెదడు ముక్కను పొటాషియం డైక్రోమేట్‌లో, తరువాత సిల్వర్ నైట్రేట్‌లో నానబెడితే ఎన్నో కణాల్లో కొద్ది కణాలు మాత్రమే నల్లగా మారతాయి. అన్నీ మారితే మళ్లీ చిక్కే. కొన్నే మారడం వల్ల ఒక్కో కణం కొమ్మలతో సహా పూర్తిగా కనబడుతుంది. చిక్కు ఉండలో ఒక్క దారానికి మాత్రం రంగు పట్టినట్లన్న మాట.

1887లో మాడ్రిడ్‌లో సిమార్రో అనే వైద్యుని ఇంట్లో కహాల్ ఈ పద్ధతితో చేసిన స్లైడు చూశారు. అదే సంవత్సరం బార్సిలోనాకు మారి పని మొదలుపెట్టారు. గాల్జీ పద్ధతి ఒకసారి పనిచేసేది, పదిసార్లు చెడిపోయేది. కహాల్ రెండు మార్పులు చేశారు. నానబెట్టడం రెండుసార్లు చేశారు. పెద్ద జంతువుల బదులు పక్షి పిండాలను, పసి జంతువులను తీసుకున్నారు. పెద్దవాటిలో నాడీ తంతువుల మీద కొవ్వు తొడుగు ఉండి రంగును పట్టనివ్వదు. పసివాటిలో ఆ తొడుగు ఇంకా ఏర్పడదు.

ఇక కనబడింది. పక్షి చిన్న మెదడులో నాడీ తంతువులు మరో కణం దాకా వెళ్లి, దాన్ని చుట్టుకుని, అక్కడే ఆగిపోతున్నాయి. దానిలో కలిసిపోవడం లేదు! మెదడు ఒకే వల కాదు. ప్రతి నాడీకణం దేనికది విడిగా ఉంది. మన భాషలో చెప్పాలంటే మెదడు పైపులైను కాదు. నీళ్లు రాని రోజున మనం వరుసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకున్నట్లు, ఒక కణం తన కబురును పక్క కణానికి అందిస్తుంది. కబురు ఎటు నుంచి ఎటు పోతుందో కూడా ఆయన చెప్పారు. డెండ్రైట్ల వైపు నుంచి లోపలికి వచ్చి ఆక్సాన్ గుండా బయటికి పోతుంది.

ఎవరూ చదవని భాషలో

1888 మే నెలలో కహాల్ సొంత డబ్బుతో ఒక పత్రిక వేశారు. అచ్చయినవి 60 ప్రతులే. వాటిని యూరప్‌లోని శాస్త్రవేత్తలకు పోస్టులో పంపారు. ఆ రోజుల్లో విజ్ఞాన శాస్త్రం జర్మన్, ఫ్రెంచి భాషల్లో నడిచేది. స్పానిష్ చదివేవారే లేరు. అంత గొప్ప విషయం రాసినా చప్పుడు లేదు.

తెలుగు మీడియంలో చదివి పీజీకి వెళ్లినవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది. విషయం తెలిసి ఉంటుంది, నోరు పెగలదు. కహాల్ ఏం చేశారంటే, 1889 అక్టోబరులో దాచుకున్న డబ్బు ఖర్చుపెట్టి బెర్లిన్‌లో జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుల సభకు వెళ్లారు. మైక్రోస్కోపుల ముందు స్లైడ్లు అమర్చి, వచ్చీరాని ఫ్రెంచిలో ఒక్కొక్కరికీ వివరించారు. అందరికంటే పెద్దవారైన కోలికర్ కళ్లు పెట్టి చూశారు. అంతవరకు వల సిద్ధాంతాన్ని నమ్మిన ఆ పెద్దాయన తన అభిప్రాయం మార్చుకున్నారు. అంతేకాదు, కహాల్ రచనలు చదవడానికే స్పానిష్ నేర్చుకున్నారు. భాష రాక వెనకబడిన మనిషి కోసం పెద్ద పండితుడు ఆ భాషే నేర్చుకోవడం మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

1891లో వాల్డేయర్ ఈ కణానికి న్యూరాన్ అని పేరు పెట్టారు. రెండు న్యూరాన్లు కలిసే చోటుకు 1897లో షెరింగ్టన్ సైనాప్స్ అని పేరు పెట్టారు. 1906లో నోబెల్ బహుమతి కహాల్‌కు, గాల్జీకి కలిపి ఇచ్చారు. వింత ఏమిటంటే, గాల్జీ తన నోబెల్ ప్రసంగంలోనే న్యూరాన్ సిద్ధాంతాన్ని తప్పుబట్టారు. ఒకరి పద్ధతితోనే రెండోవారు సత్యం కనుగొన్నారు, పద్ధతి కనిపెట్టినవారు మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. కహాల్ 1934 అక్టోబరు 17న మాడ్రిడ్‌లో కన్నుమూశారు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద సైనాప్స్‌లోని సందు స్పష్టంగా కనబడింది. అది మిల్లీమీటరులో దాదాపు యాభై వేలవ వంతు. అయితే గాల్జీ మాట పూర్తిగా పొల్లు పోలేదు. కొన్ని న్యూరాన్ల మధ్య నేరుగా దారులు ఉన్నాయని అదే దశకంలో తేలింది.

ఆయన తరువాత

కహాల్ చేత్తో గీసిన బొమ్మలను ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో వాడుతున్నారు. ఒకనాడు కళ లేదని తేల్చిన చెయ్యి గీసినవి అవి. 2017లో యునెస్కో ఆయన కాగితాలను ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది.

ఆయన మొదలుపెట్టిన పని ఎంత పెద్దదో ఇప్పుడు తెలుస్తోంది. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉన్నాయి. 2024లో శాస్త్రవేత్తలు ఒక మహిళకు మూర్ఛ వ్యాధి ఆపరేషన్‌లో తీసిన మెదడు ముక్కను పటంగా గీశారు. అది ఒక ఘన మిల్లీమీటరు, అంటే అర బియ్యపు గింజంత. అందులోనే దాదాపు 57,000 కణాలు, 15 కోట్ల సైనాప్స్‌లు ఉన్నాయి. అదే ఏడాది పండ్ల ఈగ మెదడు మొత్తానికి పటం పూర్తయింది.

మనకు అన్నింటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. సాధనతో మెదడులోని కణాల మధ్య సంబంధాలు పెరుగుతాయని కహాల్ 1890లలోనే ఊహించారు. పెద్దయ్యాక దెబ్బతిన్న నాడీ మార్గాలు తిరిగి పెరగవని కూడా ఆయన రాశారు. వెన్నుపాము గాయాల విషయంలో అది నేటికీ చాలావరకు నిజమే. కానీ నేర్చుకోవడం విషయంలో ఆయన ఊహ నిలబడింది. లండన్‌లో టాక్సీ నడపాలంటే దాదాపు 25,000 వీధులు గుర్తుపెట్టుకుని పరీక్ష పాస్ కావాలి. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో అలా శిక్షణలో చేరిన 79 మంది మెదళ్లను స్కాన్ చేశారు. వారిలో 39 మంది పాసయ్యారు. పాసైనవారి మెదడులో జ్ఞాపకానికి, దారులకు సంబంధించిన హిప్పోకాంపస్ వెనుక భాగం పెరిగింది. పాస్ కానివారిలో ఆ మార్పు కనబడలేదు. వీళ్లు చిన్నపిల్లలు కారు, వయసొచ్చిన మనుషులు. మొదట్లో రెండు జట్ల మెదళ్లకూ తేడా లేదు. తేడా తరువాత వచ్చింది.

కష్టపడితే చాలు, అందరూ అన్నీ సాధిస్తారని నేను చెప్పడం లేదు. కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర, చెప్పే గురువు లేకుండా ఒక్క కష్టంతో కొండలు కదలవు. కహాల్‌కు తండ్రి ఉన్నాడు, సిల్వేరియా ఉంది, సమయానికి మైక్రోస్కోపు ఇచ్చిన ప్రభుత్వం ఉంది. అందుకే హాస్టల్లో మెనూ ప్రకారం గుడ్డు పెట్టమని, లైబ్రరీ తాళం తీయమని అడగడం కూడా మెదడుకు సంబంధించిన విషయమే.

కానీ తమ్ముళ్లూ, ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పగలను. ఏ వాడలో పుట్టిన బిడ్డ మెదడైనా ఆ న్యూరాన్లతోనే తయారవుతుంది. మట్టిబుర్ర అనే పదార్థం ఏ మైక్రోస్కోపు కింద, ఎవరికీ, ఇంతవరకు కనబడలేదు. ఈసారి ఎవరైనా ఆ మాట అంటే తల దించుకోకండి. పక్కన కూర్చున్న తమ్ముణ్ణి మీరు కూడా ఆ మాట అనకండి.