పొరుగు పిల్లలను నమ్మిన జాక్ స్టీన్

ఈ శీర్షికలో తరచుగా పునీతులను గురించో, వేదబోధకులను గురించో చదువుకుంటాం. ఈ వారం చెప్పుకోబోయే వ్యక్తి గురువు కాడు, మఠవాసి కాడు, కతోలికుడు కూడా కాడు. స్కాట్లాండులో ఒక ప్రొటెస్టంటు కుటుంబంలో పుట్టి, బొగ్గుగనుల్లో పనిచేసి, ఒక కతోలిక మఠ సహోదరుడు స్థాపించిన ఫుట్‌బాల్ క్లబ్బుకు పెద్దదిక్కుగా నిలిచినవాడు. ఆయన పేరు జాక్ స్టీన్. పిల్లలను చేరదీయడం ఒక ఎత్తు, చేరదీసినవారిని ఓపికగా తీర్చిదిద్దడం మరొక ఎత్తు అని ఆయన జీవితం మనకు నేర్పుతుంది.

ముందుగా ఆ క్లబ్బు సంగతి తెలుసుకోవాలి. 19వ శతాబ్దంలో కరువు బాధ పడలేక ఐర్లండు నుండి ఎందరో కతోలికులు గ్లాస్గో నగరానికి వలస వచ్చారు. నగరం తూర్పు భాగంలో ఇరుకు ఇళ్ళలో, చాలీచాలని కూలితో బ్రతికేవారు. అక్కడి తిరుహృదయ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు మరిస్టు సభకు చెందిన సహోదరుడు వాల్ఫ్రిడ్. ఆయన కూడా ఐర్లండు నుండి వచ్చినవారే. ఆకలితో బడికి వచ్చే పిల్లలకు, పునీత విన్సెంట్ ది పాల్ సభ వారి తోడ్పాటుతో ఆయన భోజనం ఏర్పాటు చేశారు. ఆ భోజనానికి డబ్బు సమకూర్చడం కోసమే 1887 నవంబరు 6న పునీత మరియమ్మ విచారణ హాలులో పెద్దలు సమావేశమై సెల్టిక్ క్లబ్బును స్థాపించారు. 1888 మే 28న తొలి ఆట ఆడి, రేంజర్స్ జట్టుపై 5–2 గోల్స్ తేడాతో గెలిచారు. కాలక్రమంలో సెల్టిక్ కతోలికుల జట్టుగా, రేంజర్స్ ప్రొటెస్టంట్ల జట్టుగా పేరుపడ్డాయి. ఆటలోని పోటీ వీధుల్లో పగగా మారింది. అయినా సెల్టిక్ వారు మాత్రం ప్రొటెస్టంటు ఆటగాళ్ళకు తలుపులు మూయలేదు.

జాక్ స్టీన్ 1922 అక్టోబరు 5న లానార్క్‌షైర్‌లోని హామిల్టన్ పట్టణం పక్కన బర్న్‌బ్యాంక్ అనే ఊరిలో జన్మించారు. అది బొగ్గుగనుల ప్రాంతం. 1937లో బడి మానేసి, కొంతకాలం తివాచీల కర్మాగారంలో పనిచేసి, తరువాత గనిలోకి దిగారు. పదేళ్ళకు పైగా భూగర్భంలోనే ఆయన పని. వారమంతా గనిలో శ్రమపడి, శనివారం నాడు ఆల్బియన్ రోవర్స్ అనే చిన్న జట్టుకు ఆడేవారు. చీకట్లో పక్కవాడి జాగ్రత్త మీదే తన ప్రాణం ఆధారపడి ఉంటుందన్న పాఠం గనిలోనే నేర్చుకున్నారు. ఆ పాఠాన్ని జీవితాంతం మరువలేదు.

1950లో వేల్స్ దేశంలోని లానెల్లి జట్టులో చేరి, గనిపని వదిలి పూర్తిస్థాయి ఆటగాడు అయ్యారు. కానీ హామిల్టన్‌లోని ఆయన ఇంట్లో రెండుసార్లు దొంగలు పడ్డారు. భార్య జీన్‌ను, చిన్న కూతురును తలచుకుని, ఆట మానుకునైనా తిరిగి వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నారు. సరిగ్గా అప్పుడే, 1951 డిసెంబరులో, సెల్టిక్ నుండి పిలుపు వచ్చింది. క్లబ్బు ఆయనకోసం చెల్లించింది 1,200 పౌండ్లు మాత్రమే. అసలు జట్టులో ఆడించాలని కాదు, రిజర్వు జట్టులోని కుర్రవాళ్ళకు ఆట నేర్పుతారని తీసుకున్నారు. అయితే వచ్చీరాగానే పెద్ద ఆటగాళ్ళు గాయపడడంతో ఆయన అసలు జట్టులోకి వెళ్ళారు. కొద్దికాలానికే కెప్టెన్ అయ్యారు. 1954లో ఆయన నాయకత్వంలో సెల్టిక్ లీగును, స్కాటిష్ కప్పును ఒకే ఏడాది గెలిచింది. అంతకుముందు ఆ ఘనత సాధించింది 1914లో. ఇందుకు ఆయన చెల్లించిన మూల్యం కూడా ఉంది. స్టీన్ పెరిగిన చోట అందరూ రేంజర్స్ అభిమానులే, కన్నతండ్రితో సహా. ఆయన సెల్టిక్‌లో చేరడంతో కొందరు చిన్ననాటి స్నేహితులు మాట్లాడడం మానేశారు.

1955లో చీలమండకు తగిలిన దెబ్బ ఆయన ఆటను ముగించింది. 1957లో ఆట నుండి విరమించుకున్నాక, క్లబ్బు ఛైర్మన్ రాబర్ట్ కెల్లీ ఆయనకు రిజర్వు జట్టు బాధ్యత అప్పగించారు. ఇక్కడే ఆయన అసలు పని మొదలైంది. బయటి నుండి ఆటగాళ్ళను కొనడం కంటే స్థానిక కుర్రవాళ్ళను పెంచుకోవాలన్నది ఆ రోజుల్లో కెల్లీ గారి పట్టుదల. స్టీన్ చేతికింద బిల్లీ మెక్‌నీల్, జాన్ క్లార్క్, పాట్ క్రెరాండ్, బాబీ మర్డాక్ వంటి పిల్లలు చేరారు. చాలామంది కార్మికుల బిడ్డలే. అప్పటిదాకా సాధన అంటే మైదానం చుట్టూ పరుగెత్తడమే. స్టీన్ పిల్లల కాళ్ళకు బంతి అందించి, ఆట ఎలా ఆలోచించాలో నేర్పారు. అసలు మైదానంలో గడ్డి పాడవుతుందన్న బెంగ లేకుండా సాధన చేసుకోవడానికి, దగ్గరలోని బారోఫీల్డ్ స్థలం కొనమని యాజమాన్యాన్ని ఒప్పించారు. 1958లో ఆ కుర్రవాళ్ళు రిజర్వు కప్పు ఫైనల్‌లో రెండు ఆటలు కలిపి 8–3 తేడాతో రేంజర్స్‌ను ఓడించారు.

1960 మార్చిలో స్టీన్ క్లబ్బు వదిలి, డన్‌ఫర్మ్‌లిన్ జట్టుకు మేనేజరుగా వెళ్ళారు. అప్పటివరకు సెల్టిక్‌కు మేనేజర్లుగా పనిచేసిన ముగ్గురూ కతోలికులే. అక్కడే ఉంటే తనకు ఆ పదవి దక్కుతుందన్న ఆశ ఆయనకు ఉండి ఉండదు. ఆ తరువాత జరిగినది మనం గమనించాలి. పిల్లలు అలాగే ఉన్నారు, ప్రతిభ అలాగే ఉంది, క్లబ్బు ఖర్చు పెడుతూనే ఉంది. కానీ నేర్పేవాడు లేడు. లేతవయసు పిల్లలను తొందరపడి అసలు జట్టులోకి నెట్టారు. జట్టు ఎంపికలో ఛైర్మన్ గారే జోక్యం చేసుకునేవారు. 1957 తరువాత దాదాపు ఎనిమిదేళ్ళపాటు సెల్టిక్ ఒక్క పెద్ద కప్పు కూడా గెలవలేదు. 1961లో స్కాటిష్ కప్పు ఫైనల్‌లో సెల్టిక్‌ను ఓడించింది స్టీన్ నడిపిన డన్‌ఫర్మ్‌లినే. తాను నేర్పిన పిల్లలే తన ఎదుట ఓడిపోయారు.

1965 మార్చిలో సెల్టిక్ ఆయనను మేనేజరుగా తిరిగి పిలిచింది. ఆ పదవిలో కూర్చున్న మొదటి ప్రొటెస్టంటు ఆయనే. జట్టు విషయంలో పూర్తి అధికారం తనదే ఉండాలని అడిగి తీసుకున్నారు. రెండు నెలలు తిరగకముందే స్కాటిష్ కప్పు వచ్చింది. మరుసటి ఏడాది లీగు వచ్చింది. అక్కడి నుండి 1974 వరకు వరుసగా తొమ్మిదిసార్లు లీగు సెల్టిక్‌దే.

1967 మే 25న పోర్చుగల్‌లోని లిస్బన్ నగరంలో యూరోపియన్ కప్పు ఫైనల్ జరిగింది. ఎదుట ఇటలీకి చెందిన ఇంటర్ మిలాన్. అంతకుముందు రెండుసార్లు ఆ కప్పు గెలిచిన సంపన్న జట్టు. దాని శిక్షకుడు హెలెనియో హెరేరా. నాలుగేళ్ళ క్రితం మిలాన్ వెళ్ళి ఆయన పద్ధతులు చూసి వచ్చిన స్టీన్, ఇప్పుడు ఆయనకే ఎదురు నిలిచారు. 7వ నిమిషంలోనే పెనాల్టీతో ఇంటర్ గోల్ చేసి, ఆ తరువాత రక్షణకు దిగింది. సెల్టిక్ కుర్రవాళ్ళు అలలు అలలుగా దాడిచేశారు. 63వ నిమిషంలో టామీ గెమ్మెల్, 84వ నిమిషంలో స్టీవ్ చామర్స్ గోల్స్ చేశారు. 2–1తో కప్పు బ్రిటన్‌కు చెందిన జట్టుకు మొట్టమొదటిసారి దక్కింది.

ఆనాడు ఆడిన పదకొండు మందీ గ్లాస్గోకు 30 మైళ్ళ లోపల పుట్టినవారే. కెప్టెన్ మెక్‌నీల్ బెల్స్‌హిల్ బిడ్డ. పొట్టివాడైన జిమ్మీ జాన్‌స్టన్ చిన్నప్పుడు సెల్టిక్ మైదానం అంచున బంతులు ఏరి ఇచ్చిన కుర్రవాడు. జిమ్ క్రెయిగ్ దంతవైద్యం చదువుకున్నవాడు. వారిలో కతోలికులూ ఉన్నారు, ప్రొటెస్టంట్లూ ఉన్నారు. అందరూ క్లబ్బులోనే పెరిగారని చెప్పలేం. గోల్‌కీపర్ రానీ సింప్సన్ 36 ఏళ్ళ వయసువాడు, వేరే జట్టు నుండి వచ్చాడు. బర్టీ ఆల్డ్‌ను ఒకసారి ఇంగ్లండుకు అమ్మేసి తిరిగి తెచ్చుకున్నారు. కానీ పదకొండు మందిలో విల్లీ వాలెస్ తప్ప పదిమంది, 1965లో స్టీన్ వచ్చేనాటికే క్లబ్బులో ఉన్నారు. ఏ కప్పూ గెలవలేని ఆ పిల్లలే ఐరోపాను గెలిచారు. స్టీన్ వారిలో ఏముందో చూశారు. గోల్స్ కోసం ముందు ఆడుతున్న మర్డాక్‌ను వెనక్కి తెచ్చి, మధ్యలో ఆట నడిపేవాడిగా మలచడం అటువంటిదే.

కప్పు గెలిచిన ఆ ఏడాదే మరో తరం క్లబ్బులో అడుగుపెట్టింది. కెన్నీ డాల్గ్లిష్, డానీ మెక్‌గ్రెయిన్ ఇద్దరూ చిన్ననాడు రేంజర్స్ అభిమానులు. స్టీన్ సహాయకుడు షాన్ ఫాలన్ స్వయంగా డాల్గ్లిష్ ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడారు. మెక్‌గ్రెయిన్ పేరు విని కతోలికుడై ఉంటాడనుకుని రేంజర్స్ వారు వదిలేశారని నేటికీ చెప్పుకుంటారు. కతోలికులను తీసుకోరాదన్న అలిఖిత నియమాన్ని రేంజర్స్ 1989 వరకు దాదాపుగా పాటిస్తూ వచ్చింది. నిజానికి మెక్‌గ్రెయిన్ ప్రొటెస్టంటే. అతడు ఇరవై ఏళ్ళు సెల్టిక్‌లో ఆడి కెప్టెన్ అయ్యాడు. డాల్గ్లిష్‌ను 1977లో లివర్‌పూల్ 4,40,000 పౌండ్లకు తీసుకుంది. అప్పటికి బ్రిటిష్ క్లబ్బుల మధ్య అదే అత్యధిక ధర. మతం చూసి తలుపు మూసుకున్నవారు ఏమి పోగొట్టుకున్నారో ఈ లెక్క చెబుతుంది.

స్టీన్ మద్యం ముట్టేవారు కారు. క్రమశిక్షణలో కఠినులు. ఆయన పనిలో లోటుపాట్లు కూడా ఉన్నాయి. 1970 యూరోపియన్ కప్పు ఫైనల్‌లో సెల్టిక్ హాలండు జట్టు ఫెయెనూర్డ్ చేతిలో ఓడింది. తీర్చిదిద్దిన యువకుల్లో పలువురు మెరుగైన జీతం కోసం ఇంగ్లండు వెళ్ళిపోయారు. మరొకరు గొప్ప ప్రతిభ ఉండీ మనశ్శాంతి లేక చిన్నవయసులోనే ఆట వదిలేశారు. 1975లో కారు ప్రమాదంలో స్టీన్ తీవ్రంగా గాయపడి, ఒక ఏడాది జట్టుకు దూరమయ్యారు. 1978లో పదవి వదిలినప్పుడు ఆ స్థానంలోకి వచ్చింది ఆయన శిష్యుడు మెక్‌నీలే. తరువాత స్కాట్లాండు జాతీయ జట్టును నడిపారు. 1985 సెప్టెంబరు 10న కార్డిఫ్ నగరంలో వేల్స్‌తో జరిగిన ఆట ముగిసే సమయంలో కుప్పకూలి, ఆ మైదానంలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 62.

ఒక బాధాకరమైన సత్యాన్ని కూడా దాచకూడదు. సెల్టిక్ పేరుతో నడిచిన ఒక బాలుర క్లబ్బులో కొందరు పెద్దలు తమను నమ్మి వచ్చిన పిల్లలను చెరిచారని 1998లోనూ, 2018లోనూ న్యాయస్థానాలు తేల్చి శిక్షలు విధించాయి. పిల్లలను చేరదీయడమంటే వారిని కాపాడడం కూడా. ఎంత పేరున్న చోటైనా, ఎంత మంచి పని అయినా, పిల్లలతో ఎవరు ఉంటున్నారో తల్లిదండ్రులూ పెద్దలూ కనిపెట్టి ఉండాలి. పిల్లవాడు చెప్పుకున్న మాటను నమ్మి వినాలి.

మన విచారణల్లోనూ విన్సెంట్ ది పాల్ సభలు ఉన్నాయి, యువజన సంఘాలు ఉన్నాయి. పండుగకు బంతి, జెర్సీలు కొనిచ్చి చేతులు దులుపుకుంటాం. మరుసటి ఏడాది పిల్లలు కనిపించరు. స్టీన్ జీవితం చూస్తే పిల్లలకు కావలసినవి మూడు. నిలబడి సాధన చేసుకునే చోటు. వారంవారం వచ్చి ఓపికగా నేర్పే పెద్దమనిషి. ఫలితం రాని సంవత్సరాల్లో కూడా వదలని నమ్మకం. అది ఆట కావచ్చు, చదువు కావచ్చు, పాటల బృందం కావచ్చు. ఆ పెద్దమనిషి ఏ సంఘం వాడు, ఆ పిల్లవాడు ఏ పేటవాడు అని లెక్కించకుండా ఉంటే మేలు. మన పేటలోని పిల్లల పేర్లు మనలో ఎందరికి తెలుసు? ఈ ఆదివారం పూజ ముగిశాక గుడి ముందు నిలబడి, వారిలో ఒక్కరినైనా పేరు అడిగి తెలుసుకుందాం.