రేచర్ల రుద్రుడు

ములుగునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున పాలంపేట యను చిన్న గ్రామము గలదు. అచ్చటి గుడిని చూడని విద్యార్థి మన ప్రాంతమున నరుదు. అందరును దానిని రామప్పగుడి యందురు. రామప్ప యనునాతడు దానిని చెక్కిన శిల్పి యని జనశ్రుతి. కట్టించినవాడెవ్వడని యడిగినచో బదులు చెప్పగలవారు కొలదిమందియే. ఆతని చరిత్రమును సంగ్రహముగా చెప్పబూనితిమి.

రేచర్లవారు కాకతీయుల సామంతులు. తరతరములుగా సేనాధిపత్యము వహించి, ఈ యడవిసీమలో నొక చిన్న రాజ్యము నేలిరి. రుద్రుడు ఆ వంశమువాడు.

12వ శతాబ్దాంతమున ఓరుగల్లునకు గొప్ప విపత్తు వాటిల్లెను. కాకతి రుద్రదేవ మహారాజు దేవగిరి యాదవులతోడి యుద్ధమున మడిసెను. పిమ్మట రాజైన తమ్ముడు మహాదేవుడును వారితోనే పోరి 1198 ప్రాంతమున మరణించెను. ఆతని కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు చిక్కి చెరలో బడెను. సింహాసనము శూన్యమయ్యెను. ఇదియే అదనని కొందరు మాండలికులు తలలెత్తిరి.

అప్పుడు రేచర్ల రుద్రుడు రాజ్యభారమును తనపై వేసికొనెను. తిరుగబడినవారిలో నాగతి యనువానిని ఓడించి దేశమును నిలిపెను. సైన్యము ఆతని చేతనున్నది. రాజో, దూరదేశమున బందీయై యున్నాడు. ఇట్టి సమయములలో సేనాపతులెందరు తామే రాజులైరో చరిత్ర చదివిన బాలురకు తెలియును. రుద్రుడట్లు చేయలేదు. యాదవరాజు జైతుగి విడిచిపుచ్చగా గణపతిదేవుడు 1199లో తిరిగివచ్చునప్పటికి, ఏలుటకు రాజ్యము మిగిలియుండెను. ఆ దొర 1262 వరకు నేలి, తీరాంధ్రమునుగూడ తన యేలుబడిలోనికి తెచ్చెను. రుద్రునకు కాకతిరాజ్యభారధౌరేయుడను బిరుదము కలిగెను. ధౌరేయమనగా కాడి మోయు నెద్దు. దుక్కిటెద్దును నిత్యము చూచు మన పిల్లలకు దీనిని వివరింప నక్కరలేదు.

1213లో రుద్రుడు పాలంపేటలో శివుని ప్రతిష్ఠించి, తన పేర రుద్రేశ్వరుడని పిలిచెను. సంస్కృత శిలాశాసన మొకటి గుడి యావరణలో నేటికిని నిలిచి ఈ సంగతి చెప్పుచున్నది. గోడలు ఎర్రని యిసుకరాతివి. స్తంభములును, చూరుక్రింద నాట్యమాడు మదనికలును నల్లరాతివి. అద్దమువలె నున్నగా నున్న ఆ నల్లరాతిపై మేము చేయి వేసి చూచి, చాలసేపు తీయలేకపోతిమి. పునాది యిసుకతో నింపబడినది. శిఖరపు టిటుకలు నీటిపై తేలునంత తేలికయైనవి. బరువు తగ్గించుటకే అట్లు చేసిరి. దాపుననే చెరువు: మూడువైపుల కొండలు, నాలుగవవైపు కట్ట. దాని నీటితో నేటికిని వరి పండుచున్నది. మాకు గుడికంటె నిదియే గొప్పగా తోచినది. మా మిత్రులు కొందరు దీనికొప్పుకొనరు.

1323లో కాకతి రాజ్యము కూలెను. అడవి గుడిని క్రమ్ముకొనెను, రుద్రుని పేరు జనుల నోట మాసిపోయెను. నిజాం ప్రభుత్వపు పురావస్తుశాఖకు చెందిన గులాం యజ్దానీగారు 1922లో పాలంపేట గుళ్లపై గ్రంథము వెలువరించిరి. 2021లో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చుచు, కాకతీయ రుద్రేశ్వరాలయమని ముందు వ్రాసి, రామప్ప పేరును దాని ప్రక్కనే యుంచిరి.