శ్రీమతి సంగెం లక్ష్మీబాయిగారు

నైజాము రాజ్యమున ఆడుపిల్లలకు చదువు దుర్లభమైన దినములలో, 1911వ సంవత్సరమున, లక్ష్మీబాయిగారు ఘటకేసరునందు జన్మించిరి. విద్యకై ఇల్లు విడిచి గుంటూరు శారదానికేతనమునకు బోయిరి. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెఱసాల కేగిరి. ఆ జ్ఞాపకములను పిమ్మట గ్రంథముగా రచించిరి.

1952లో బాన్సువాడనుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. అదే యేట అనాథల కొఱకు ఇందిరా సేవాసదనమును స్థాపించిరి. పిదప విద్యాశాఖ ఉపమంత్రిణిగా పనిచేసిరి. 1957, 1962 సంవత్సరములలో మన వికారాబాదు ప్రజలు ఆమెను లోకసభకు పంపిరి. 1967లో మెదకు ప్రజలు పంపిరి. 1979లో ఆమె కీర్తిశేషులైరి.

వికారాబాదు, తాండూరు ప్రాంతముల తలిదండ్రులారా! ఢిల్లీ సభకు బోయిన ఆ దారి బడివాకిటనే మొదలయ్యెను. కుమార్తెను చదువు మాన్పింప దలచునపుడు ఈమెను ఒక్కమారు స్మరింపుడు.