రాల్ఫ్ టీటర్

రాల్ఫ్ రో టీటర్ (ఆగష్టు 17, 1890 - ఫిబ్రవరి 15, 1982) అమెరికా దేశానికి చెందిన యాంత్రిక ఇంజనీరు, ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. కారు వేగాన్ని తనంతట తానే నిలకడగా ఉంచే క్రూయిజ్ కంట్రోల్ సాధనాన్ని రూపొందించిన వాడిగా ప్రసిద్ధుడు. ఐదేళ్ళ ప్రాయంలోనే చూపు కోల్పోయిన ఇతడు జీవితాంతం అంధుడిగానే ఉన్నాడు. కారు నడపలేని వ్యక్తి కారు నడిపేవారికోసం చేసిన ఆవిష్కరణ కావడం దీని విశేషం.

బాల్యము, విద్యాభ్యాసము

టీటర్ ఇండియానా రాష్ట్రంలోని హేగర్స్‌టౌన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఐదేళ్ళప్పుడు ఆడుకుంటుండగా చేతిలోని కత్తి జారి ఒక కంటికి గాయమైంది. ఏడాది తిరిగేలోగా రెండో కంటి చూపు కూడా పోయింది. ఒక కంటికి లోతైన గాయమైనపుడు, ఏ దెబ్బా తగలని రెండో కన్ను సైతం వాచి చూపు కోల్పోవడం వైద్యులకు తెలిసిన విషయమే. అయితే నాటికి దానికి తగిన చికిత్స లేదు.

తల్లిదండ్రులు అతనిని వేరుగా చూడలేదు. ఇంట్లో అంధత్వం గురించి మాట్లాడుకోవడమే అరుదు. టీటర్ కుటుంబం రైలు పట్టాలను తనిఖీ చేసే చిన్న వాహనాలను తయారు చేసేది కాబట్టి, యంత్రాల మధ్యనే బాలుడు పెరిగాడు. పనిముట్లను, యంత్రభాగాలను తడిమి గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. పన్నెండేళ్ళ వయసులో దాయాది కుర్రవాడితో కలసి ఇంజనుతో నడిచే చిన్న కారును నిర్మించాడు.

ఇంజనీరింగు చదవాలన్న కోరిక మాత్రం సులభంగా తీరలేదు. అంధుడికి ఈ విద్య నేర్పడం సాధ్యం కాదని కొన్ని విశ్వవిద్యాలయాలు తిరస్కరించాయి. చివరకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేర్చుకున్నది. పాఠ్యపుస్తకాలను ఇతరులు చదివి వినిపించగా, లెక్కలను మనసులోనే కట్టుకుంటూ 1912లో యాంత్రిక ఇంజనీరింగులో పట్టభద్రుడయ్యాడు.

ఉద్యోగము, పరిశ్రమ

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో న్యూజెర్సీ రాష్ట్రం కామ్‌డెన్‌లోని నౌకానిర్మాణ కేంద్రంలో టీటర్ పనిచేసాడు. అక్కడ యుద్ధనౌకల ఆవిరి టర్బైన్ల రోటర్లు సరిగా తూగక కంపించేవి. అత్యంత వేగంగా తిరిగే ఇంత బరువైన భాగంలో కొద్దిపాటి అసమతౌల్యమున్నా బేరింగులు పాడవుతాయి. కంటికి కనిపించని ఆ కంపనాన్ని వేళ్ళతో పసిగట్టగలిగిన టీటర్, రోటర్లను తూకం చేసే పద్ధతిని రూపొందించాడు. చూపున్న ఇంజనీర్లను ఇబ్బంది పెట్టిన సమస్య ఇది.

యుద్ధానంతరం హేగర్స్‌టౌన్ తిరిగి వచ్చాడు. అప్పటికి కుటుంబ సంస్థ ఇంజన్ల తయారీని వదిలి పిస్టన్ రింగుల తయారీపై దృష్టి పెట్టింది. పర్‌ఫెక్ట్ సర్కిల్ అనే పేరుతో అది కార్ల పరిశ్రమకు రింగులు సరఫరా చేసే పెద్ద సంస్థగా ఎదిగింది. టీటర్ అందులో ఇంజనీరింగు బాధ్యతలు చూసి, తరువాత అధ్యక్షుడయ్యాడు. 1922లో నెల్లీ వాన్ ఆంట్‌వర్ప్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమార్తె, మార్జరీ. 1936లో అమెరికా మోటారు వాహన ఇంజనీర్ల సంఘానికి (ఎస్.ఏ.ఇ.) అధ్యక్షుడిగా వ్యవహరించాడు.

క్రూయిజ్ కంట్రోల్

ఈ ఆవిష్కరణ వెనుక ఒక ప్రయాణం ఉన్నదని చెబుతారు. టీటర్ తన న్యాయవాది హ్యారీ లిండ్సేతో తరచు కారులో వెళ్ళేవాడు. లిండ్సే మాట్లాడుతున్నపుడు వేగం తగ్గించేవాడు, వింటున్నపుడు పెంచేవాడు. దారి కనిపించే ప్రయాణికుడు దీనిని గమనించకపోవచ్చు. టీటరుకు మాత్రం కారు ముందుకు, వెనుకకు ఊగినట్లుండి చికాకు కలిగించేది. దీనికి తోడు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రబ్బరు, పెట్రోలు పొదుపు కోసం ప్రభుత్వం గంటకు 35 మైళ్ళ (సుమారు 56 కి.మీ.) వేగపరిమితి విధించింది. నిలకడైన వేగం అవసరమని ఇది కూడా గుర్తు చేసింది.

యంత్ర వేగాన్ని నియంత్రించే గవర్నరు కొత్తది కాదు. జేమ్స్ వాట్ 1788లోనే ఆవిరి యంత్రానికి దానిని అమర్చాడు. టీటర్ అదే సూత్రాన్ని రహదారిపై కారు వేగానికి అన్వయించాడు. కారు వేగాన్ని బట్టి తిరిగే బరువులు, నిర్ణీత వేగం రాగానే యాక్సిలరేటర్ పెడల్‌ను కాలికి ఎదురు నెట్టేలా చేసాయి. అవసరమైతే డ్రైవరు గట్టిగా తొక్కి దాటవచ్చు. ఈ సాధనానికి 1950లో పేటెంటు లభించింది. వేగాన్ని పట్టి ఉంచే సౌకర్యాన్ని తరువాత చేర్చాడు. అది బ్రేకు తాకగానే విడిపోతుంది. పరీక్షలన్నిటిలోనూ కారు నడిపింది ఇతరులే.

పలు పేర్లు మారిన తరువాత స్పీడోస్టాట్ అనే పేరు స్థిరపడింది. 1958లో క్రిస్లర్ సంస్థ తన ఇంపీరియల్, న్యూయార్కర్, విండ్సర్ కార్లలో ఆటోపైలట్ పేరుతో దీనిని అందించింది. క్యాడిలాక్ పెట్టిన క్రూయిజ్ కంట్రోల్ అన్న పేరే చివరకు లోకంలో నిలిచింది. 1973 చమురు సంక్షోభం తరువాత ఇంధన పొదుపు దృష్ట్యా దీనికి ఆదరణ పెరిగింది.

పాత కార్లలో పనితీరు, లోపాలు

కంప్యూటరు నియంత్రణ రాకముందు, 1970, 1980 దశకాల కార్లలో ఈ సాధనం ఎక్కువగా ఇంజను లోపలికి గాలి పీల్చే శక్తితో, అనగా వాక్యూంతో, పనిచేసేది. స్పీడోమీటరు కేబుల్ ద్వారా వేగం తెలుసుకొని, ఒక రబ్బరు పొర థ్రాటిల్ తీగను లాగుతుంది. కాలక్రమంలో రబ్బరు గొట్టాలు పగలడం సాధారణ లోపం. అపుడు కారు వేగాన్ని నిలుపుకోలేదు. ఎత్తు ఎక్కేటపుడు ఇంజనులో వాక్యూం తగ్గుతుంది కనుక ఈ లోపం అక్కడే ముందుగా బయటపడుతుంది. స్పీడోమీటరు ముల్లు కూడా కదలకపోతే కేబుల్ తెగినట్లు భావించవచ్చు.

సాధనం అసలు పట్టుకోకపోతే ముందు ఫ్యూజును, తరువాత బ్రేకు పెడల్ వద్దనున్న స్విచ్చిని చూడాలి. స్విచ్చి కొద్దిగా పక్కకు జరిగినా, బ్రేకు తొక్కి ఉన్నట్లే లెక్క. కొన్ని కార్లలో విద్యుత్ వలయం బ్రేకు దీపాల గుండా పూర్తవుతుంది. ఆ దీపాలు కాలిపోతే క్రూయిజ్ కంట్రోల్ కూడా పనిచేయదు. కారణం తెలియక విలువైన భాగాలను మార్చేవారున్నారు. బ్రేకు తొక్కినా వేగం వదలకపోతే మాత్రం, సరిచేసేవరకు వాడరాదు. తడిసిన, జారుడు రోడ్లపైన, రద్దీలోను దీనిని వాడడం ప్రమాదకరం. చాలా కార్లలో ఇది గంటకు సుమారు 40 కి.మీ. కంటే తక్కువ వేగంలో పనిచేయదు.

చివరి సంవత్సరాలు

1963లో పర్‌ఫెక్ట్ సర్కిల్ సంస్థను డానా కార్పొరేషన్ కొనుగోలు చేసింది. యువ ఇంజనీరింగు అధ్యాపకులకు ఎస్.ఏ.ఇ. ఇచ్చే ఒక పురస్కారం టీటర్ పేరు మీద ఉన్నది. ఇతడు 91వ యేట మరణించాడు. 1988లో ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. కుమార్తె మార్జరీ టీటర్ మేయర్ రచించిన ఇతని జీవితచరిత్ర 1995లో వెలువడింది.