శంకర్ గుహా నియోగి: కూలివాడిలోని మనిషి

మీరు రైలులో నాగపూరు నుండి రాయపూరు వైపు ప్రయాణం చేసి ఉంటే, దుర్గ్ దాటగానే భిలాయి ఉక్కు కర్మాగారం పొగగొట్టాలను చూసే ఉంటారు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఈ కర్మాగారాన్ని కట్టారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దేశం నలుమూలల నుండి పని వెతుక్కుంటూ వచ్చినవారితో ఊరు పెరిగింది. వారిలో మన తెలుగువారూ ఎందరో ఉన్నారు.

అలా వచ్చినవారిలో ధీరేశ్ గుహా నియోగి ఒకరు. ‘నియోగి’ అన్న పేరు చూసి తెలుగువాడనుకోకండి, ఆయన బెంగాలీ. 1943 ఫిబ్రవరి 14న పుట్టి, జల్పాయిగుడిలో చదువుకొని, ఇరవై ఏళ్లు నిండీ నిండకముందే భిలాయి చేరి కర్మాగారంలో పనిలో కుదిరారు. కార్మిక సంఘంలో చురుకుగా తిరిగినందుకు 1967లో ఉద్యోగం పోయింది. తరువాత కొన్నేళ్లు ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో కూలిపని చేస్తూ బతికారు. శంకర్ అన్న పేరు అప్పుడు పెట్టుకున్నదే. దానీటోలా క్వార్ట్‌జైట్ గనిలో పనిచేసేటప్పుడు, అక్కడి కూలీ కుటుంబానికి చెందిన ఆశను వివాహం చేసుకున్నారు. చదువుకున్న నాయకులు కార్మికుల మధ్యకు వెళ్లడం మనకు కొత్త కాదు. ఈయన మాత్రం వెళ్లి, వారి ఇంటివాడే అయ్యారు. అత్యవసర పరిస్థితి కాలంలో జైలులో ఉండి 1977లో విడుదలయ్యారు.

ఇక అసలు కథ భిలాయికి దక్షిణాన దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజ్‌హరాలో మొదలవుతుంది. ఉక్కు కర్మాగారానికి కావలసిన ఇనుప ఖనిజం అక్కడి నుండే వచ్చేది. భార్యాభర్తలు జంటగా సుత్తులతో రాయి కొట్టి, ఏరి, లారీలకు ఎత్తేవారు. వారంతా కాంట్రాక్టు కూలీలు. ఒకే గనిలో పర్మినెంటు వాళ్లకు ఒక బోనసు, వీరికి అందులో కొద్దిపాటి భాగం. దానికి పెద్ద సంఘాలే ఒప్పుకొని సంతకం చేయడంతో వేలమంది బయటకు వచ్చేశారు. అప్పుడే జైలు నుండి వచ్చిన నియోగిని పిలుచుకున్నారు. ఆ విధంగా ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పుట్టింది.

వారి తొలి కోరికలను గమనించండి. పని దొరకని రోజుకు కూడా కొంత కూలి కావాలి. వానలు రాకముందే గుడిసె బాగుచేసుకోవడానికి కొంత డబ్బు కావాలి. యజమాని లెక్కలో కూలీ అంటే పనిచేసే చేతులే. ఆ చేతుల మనిషికి ఇల్లు ఉంటుందని, అది వానకు కారుతుందని ఆ లెక్కలో లేదు. ఈ ఆందోళనలో 1977 జూన్ 2, 3 తేదీలలో జరిగిన పోలీసు కాల్పులలో పదకొండు మంది చనిపోయారు. వారిలో ఒక స్త్రీ, ఒక బాలుడు కూడా ఉన్నారు.

ఇక్కడ కాసేపు ఆగి దూరదేశం వైపు చూద్దాం. ఫ్రాన్సులో ఇమ్మాన్యుయేల్ మూనియే అనే కాథలిక్ రచయిత 1932లో ఎస్ప్రీ అనే పత్రికను స్థాపించి, వ్యక్తివాదం కంటే భిన్నమైన ఒక ఆలోచనను ప్రచారం చేశాడు. మనిషి ఒంటరి లాభనష్టాల లెక్క కాదు, పెద్ద యంత్రంలో మరమేకూ కాదు, ఇతరులతో సంబంధాలలో వికసించే వ్యక్తి అన్నది దాని సారాంశం. యువకుడిగా పోలండులో రాతి క్వారీలో పనిచేసిన పోప్ రెండవ జాన్ పాల్ 1981లో శ్రమను గురించి రాసిన లేఖలో, పెట్టుబడి కంటే శ్రమకే మొదటి స్థానమని వాదించాడు. నియోగి మార్క్సిస్టు, ఆయన దారి వేరు. అయినా ఈ ఆర్థిక విధానం మనిషిని ఏం చేస్తున్నది అనే ప్రశ్న దగ్గర రెండు దారులూ కలుస్తాయి.

ఆ ప్రశ్న యంత్రాల విషయంలో సూటిగా ఎదురైంది. బస్తర్‌లోని బైలడిలా ఖనిజం మన విశాఖపట్నం రేవు గుండా జపానుకు వెళ్లేది. 1978లో అక్కడ యంత్రాల కారణంగా వేలాది కూలీలు పని కోల్పోయారు, కాల్పులూ జరిగాయి. దల్లీలోనూ పూర్తి యంత్రీకరణ జరిగితే ముందుగా ఇంటికి వెళ్లేది స్త్రీలే. నియోగి యంత్రాలను పగలగొట్టమనలేదు. కొన్ని పనులకు యంత్రం, మిగిలినవాటికి మనుషులు అనే సగం యంత్రీకరణ పథకాన్ని, ఖర్చుల లెక్కలతో సహా సంఘం యాజమాన్యం ముందు పెట్టింది. యంత్రీకరణ శాశ్వతంగా ఆగలేదు, వాయిదా పడింది. కానీ ఆ కొన్నేళ్లు వేలాది ఇళ్లలో పొయ్యి వెలిగిందని మరువకూడదు.

కూలి పెరిగింది. పెరిగిన కూలి సారా దుకాణానికి చేరసాగింది. కాబట్టి సంఘం మద్యానికి వ్యతిరేకంగా కదిలింది, ముందు నడిచినవారు స్త్రీలు. సంఘం నాయకురాలు ఒకామె కాన్పు సమయంలో సరైన వైద్యం అందక చనిపోయింది. ఆ దుఃఖం నుండి ఆసుపత్రి ఆలోచన వచ్చింది. పగలు గనిలో పనిచేసినవారే తమ చందాలతో, తమ చేతులతో దానిని కట్టుకున్నారు. కాల్పుల మృతుల పేరిట 1983 జూన్ 3న షహీద్ ఆసుపత్రి మొదలైంది. బడులు కూడా పెట్టారు. పోరాటం, నిర్మాణం రెండూ జోడుగా సాగాలన్నది నియోగి పద్ధతి.

సంస్కృతిని ఆయన వినోదంగా చూడలేదు. 1857లో రాయపూరులో ఉరితీయబడిన సోనాఖాన్ జమీందారు వీర నారాయణ్ సింగ్‌ను అప్పటికి చాలామంది మరచిపోయారు. కరవులో వర్తకుడి ధాన్యాన్ని ఆకలిగొన్నవారికి పంచిన ఆ గిరిజన వీరుని స్మృతిదినాన్ని సంఘం ఏటా జరపసాగింది. తక్కువవారమని అనుకుంటూ బతికినవారికి తమదైన చరిత్ర దొరికింది. కూలి పెంపు కంటే ఇది చిన్న విషయమని మేము అనుకోము.

1990లో నియోగి మళ్లీ భిలాయికి వచ్చి, అక్కడి ప్రైవేటు కర్మాగారాల కాంట్రాక్టు కార్మికులను కూడగట్టారు. 1991 సెప్టెంబరులో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతికి వినతిపత్రం ఇచ్చి వచ్చారు. అదే నెల 28వ తేదీ తెల్లవారుజామున, హడ్కో కాలనీలోని ఇంట్లో నిద్రిస్తుండగా కిటికీ గుండా కాల్చి చంపారు. వయసు 48. కార్మికులకు ఎరుపు, రైతులకు ఆకుపచ్చ అని ఆయన ఎంచుకున్న రెండు రంగుల జెండాను కప్పి, దల్లీ రాజ్‌హరాలో అంత్యక్రియలు చేశారు. 1992 జూలై 1న భిలాయి పవర్‌హౌస్ స్టేషనులో రైలు పట్టాలపై కూర్చున్న కార్మికులపై కాల్పులు జరిగి మరికొందరు మరణించారు. హత్య కేసులో 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు ఆరుగురికి శిక్ష వేసింది. హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2005లో సుప్రీంకోర్టు కాల్చిన వ్యక్తి ఒక్కడికే యావజ్జీవ శిక్ష విధించింది. కొద్ది పడకలతో ఆరంభమైన షహీద్ ఆసుపత్రి తరువాతి కాలంలో వందకు పైగా పడకలకు పెరిగింది.