మొండిపిల్లల పక్షాన నిలిచిన చలం

మా పోర్ట్ బ్లెయిర్‌లో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మాట వినని పిల్లవాణ్ణి ఇళ్లలో మొండిఘటం అంటారు. తరగతిలో ఎవరైనా టీచరుకు ఎదురు చెబితే మేమూ అదే పేరు పెట్టేస్తాం. ఆ పేరు పెట్టేముందు గుడిపాటి వెంకటచలం గారి జీవితాన్ని ఒకసారి తెలుసుకోవాలనిపించింది.

చలం 1894 మే 18న మద్రాసులో పుట్టారు. తల్లి వెంకటసుబ్బమ్మ, తండ్రి కొమ్మూరి సాంబశివరావు. అమ్మగారి తండ్రి దత్తత తీసుకోవడంతో ఇంటిపేరు గుడిపాటి అయింది. బాల్యం తెనాలిలో గడిచింది. తండ్రి కోపాన్ని, తల్లి పడిన బాధను చూస్తూ పెరిగారు. ఆ ముద్ర ఆయన మనసులోంచి చెరిగిపోలేదు.

1911లో పిఠాపురం రాజావారి కళాశాలలో చేరారు. అక్కడ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు తిరిగి, జంధ్యం తీసేశారు. తరువాత మద్రాసులో బి.ఏ. చదువుతూ, భార్య రంగనాయకమ్మను కూడా బడికి పంపించారు. ఇది పెద్దలకు నచ్చలేదు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు.

ఇలా పెద్దలకు ఎదురుతిరిగిన మనిషే ఆ తరువాత ఉపాధ్యాయుడయ్యారు, పాఠశాలల ఇన్‌స్పెక్టరుగానూ పనిచేశారు. స్త్రీల స్వేచ్ఛ గురించి రాసిన రచయితగానే ఆయన చాలామందికి తెలుసు. పిల్లల కోసం ఆయన రాసిన పుస్తకం 'బిడ్డల శిక్షణ'. పేరులో ఉన్నది శిక్షణే కాని శిక్ష కాదు. బెత్తానికి భయపడి మాట వినే పిల్లవాడు మంచివాడైపోడనీ, పిల్లలు పెద్దల గొప్ప కోసం పుట్టలేదనీ ఆయన నమ్మారు. బెత్తం లేని బడిని ఊహించలేని రోజుల్లో ఆయన ఇలా ఆలోచించారు. బడుల్లో పిల్లల్ని కొట్టడాన్ని మన దేశం విద్యాహక్కు చట్టంతో నిషేధించింది 2009లో!

కనీసం ఆరు నెలలపాటు తరచూ కోపం, వాదన, ఎదురుతిరగడం, కక్ష కనిపించి, ఇంట్లోనో బడిలోనో ఇబ్బంది కలిగితే, దాన్ని ఇప్పుడు వైద్యులు అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్‌గా గుర్తిస్తున్నారు. చలం కాలంలో ఈ పేరు లేదు. కొట్టడం, అరవడం ఈ కోపాన్ని పెంచుతాయనే నేటి నిపుణులూ చెబుతారు. అయితే వాళ్లు స్వేచ్ఛ ఒక్కటే చాలదంటారు. నియమాలు కొన్నే ఉండాలి, అవి రోజుకోలా మారకూడదు. చిన్న మంచిపని చేసినా వెంటనే మెచ్చుకోవాలి. రెండు పనుల్లో ఏది ముందు చేస్తావని అడిగి, ఎంచుకునే వీలు ఇవ్వాలి. ముఖ్యంగా తల్లిదండ్రులు కూడా నిపుణుల దగ్గర ఈ పద్ధతులు నేర్చుకోవాలి.

చలం 1950లో అరుణాచలం వెళ్లి రమణాశ్రమం దగ్గర స్థిరపడ్డారు. 1979 మే 4న అక్కడే కన్నుమూశారు.

ఆయన చెప్పినవన్నీ అందరికీ నచ్చకపోవచ్చు. కాని ఎదురు చెప్పే పిల్లవాడి కోపం వెనుక ఏ బాధ ఉందో చూడమని ఆయన జీవితం మాకు నేర్పింది. అలాంటి మిత్రుణ్ణి తరగతిలో అందరి ముందు తిడుతుంటే మేము నవ్వకుండా ఉండగలం. ఇంటర్వెల్‌లో ఆటకు పిలవగలం. మొండిఘటం అనకుండా పేరు పెట్టి పిలవగలం. ఈ మూడూ మా చేతుల్లో ఉన్న పనులే.